మిలటరీ పెన్షన్ ఆగిపోయింది, చేయిస్తానని ఒకాయన 20 వేలు అడుగుతున్నాడు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. మా ఆయన ఆర్టిలరీలో 24 ఏళ్లు చేసి 2012లో హవల్దారుగా రిటైర్ అయ్యారు. తర్వాత ఒక ఏజెన్సీ తరఫున బ్యాంకులో సెక్యూరిటీ గార్డుగా చేసేవారు. 2025 అక్టోబరులో గుండెపోటుతో పోయారు. ఆయన వయసు 56, నాకు 50. పెన్షన్ నెలకు సుమారు 31 వేలు వచ్చేది. నవంబరులో కూడా పడింది, డిసెంబరు నుంచి ఆగిపోయింది. బ్యాంకులో అడిగితే మా చేతుల్లో లేదు, స్పర్శ్ అనే మిలటరీ పెన్షన్ల వెబ్‌సైట్‌లో చూసుకోమన్నారు. పీపీవోలో (పెన్షన్ మంజూరు పత్రం) నా పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. ఫ్యామిలీ పెన్షన్ చేయించి పెడతానని ఒకాయన 20 వేలు అడుగుతున్నాడు. మా ఇద్దరి పేరా 7 లక్షల ఎఫ్‌డీ ఉంది. దాన్ని పాలసీలో పెడితే నెలనెలా డబ్బు వస్తుందని తెలిసిన ఏజెంటు అంటున్నాడు. రెండు రూపాయల వడ్డీకి తిప్పుతానని మా మరిది అంటున్నాడు. పాప డిగ్రీ రెండో సంవత్సరం, బాబు ఇంటర్ రెండో సంవత్సరం. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ 20 వేల సంగతి. ఇవ్వకండి. ఆయన చేసే పనల్లా మీ కాగితాలు పట్టుకుని శ్రీకాకుళంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లడమే. మీ వాళ్లంతా సైనిక్ బోర్డు అనేది ఆ ఆఫీసునే. అక్కడ ఈ పనికి పైసా ఫీజు లేదు. అధికారి, సిబ్బంది చాలా వరకు ఫౌజులో చేసి వచ్చినవాళ్లే. హవల్దారు భార్యనని చెప్తే వేరే పరిచయం అక్కర్లేదు. ఒకవేళ ఆ మధ్యవర్తికి ఇప్పటికే మీ ఆధార్ ఓటీపీయో, మీ ఆయన స్పర్శ్ పాస్‌వర్డో చెప్పి ఉంటే ఆ పాస్‌వర్డ్ మాత్రం ఇవాళే మార్పించండి. స్పర్శ్‌లో ఏ ఫోన్ నంబరు ఉందో కూడా చూడమనండి. ఆ మధ్యవర్తి తన నంబరు ఎక్కించుకుని ఉంటే మీ మెసేజులన్నీ ఆయనకే పోతాయి.

బ్యాంకు వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. ఒకప్పుడు మిలటరీ పెన్షన్ బ్యాంకులే లెక్కకట్టి ఇచ్చేవి. ఇప్పుడు స్పర్శ్ వచ్చాక లెక్కంతా ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పెన్షన్ల కార్యాలయం చూసుకుంటోంది, బ్యాంకు ఖాతాలో జమ చేయడం వరకే. అంటే మీరు మేనేజరు దగ్గర ఎన్నిసార్లు కూర్చున్నా పని కదలదు. పెన్షనరు చనిపోయినట్టు స్పర్శ్‌లో నమోదు కావాలి, ఆ తర్వాత మీ పేరు మీద ఫ్యామిలీ పెన్షన్ మొదలవ్వాలి. ఈ రెండూ సంక్షేమ కార్యాలయం వాళ్లు దగ్గరుండి చేయిస్తారు.

అసలు చిక్కు మీ పేరు దగ్గరుంది. ఇది మీ ఒక్కరి సమస్య కాదు, తెలుగు సైనికుల కుటుంబాల్లో ఎప్పుడూ చూసేదే. మనకు ఇంటిపేరు ముందుంటుంది, ఉత్తరాది గుమాస్తాకి అది వెనకుండాలి. మీ ఆయన పెళ్లయ్యాక యూనిట్‌లో చెప్పిన పేరు అక్కడి క్లర్కు చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషులో పడింది, అదే పీపీవో దాకా నడిచింది. ఆర్టిలరీ వాళ్ల రికార్డ్ ఆఫీసు నాసిక్ రోడ్డులో ఉంది. పేరు సవరణ అక్కడ జరగాలి. మీరు నాసిక్ వెళ్లక్కర్లేదు. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్, ఆధార్, కుటుంబ వివరాలున్న డిశ్చార్జి బుక్ పేజీ జతచేస్తే సంక్షేమ అధికారి ధ్రువీకరించి రికార్డ్ ఆఫీసుకు పంపుతారు. అక్కడ ఒప్పుకున్నాక సవరించిన పీపీవో వస్తుంది. అఫిడవిట్‌లో ఏం రాయాలో ఆఫీసులో నమూనా అడిగి తీసుకున్నాకే నోటరీ దగ్గరికి వెళ్లండి. ముందే రాయించి, ఒక అక్షరం తేడా వచ్చి మళ్లీ రాయించుకున్నవాళ్లను చూశాను. పుట్టినతేదీ కూడా సరిపోలిందో లేదో అదే రోజు చూసుకోండి. లేకపోతే పేరు సరిచేశాక తేదీ కోసం మళ్లీ మొదటికి రావాలి.

దీనికి నెలలు పట్టవచ్చు. ఆ డబ్బు మాత్రం ఎక్కడికీ పోదు. ఫ్యామిలీ పెన్షన్ మీ ఆయన పోయిన మర్నాటి నుంచే లెక్క, ఆలస్యమైన నెలలవన్నీ బకాయిగా ఒకేసారి పడతాయి. మధ్యలో ఇల్లు గడవడానికి ఎఫ్‌డీ చెరపకండి. బ్యాంకులో ఎఫ్‌డీ మీద లోన్ అడగండి. ఎఫ్‌డీ వడ్డీ కంటే సాధారణంగా ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది, వాడుకున్నంతకే కడతారు, బకాయి రాగానే తీర్చేయవచ్చు. బంగారం తాకట్టు కంటే ఇది నయం.

నవంబరులో పడిన పెన్షన్ గురించి మీరు యథాలాపంగా రాశారు గానీ నాకు అక్కడే కొంచెం భయం వేసింది. మీ ఆయన పోయిన తర్వాతి రోజులకు పడిన పెన్షన్ ప్రభుత్వం వెనక్కి తీసుకుంటుంది, మీ బకాయిలో నుంచి మినహాయిస్తుంది. ఖర్చయిపోయినా కంగారు పడకండి, అది నేరం కాదు. బకాయి ఎంత వస్తుందో లెక్కేసుకునేటప్పుడు అది తీసేసి చూసుకోండి. ఆయన బతికున్న రోజుల వరకు రావాల్సిన పెన్షన్ ఏమైనా మిగిలి ఉంటే అది వేరే క్లెయిము. దాన్ని లైఫ్ టైమ్ ఎరియర్స్ అంటారు, దాని ఫారం కూడా అడగండి.

ఇక ఎంత వస్తుంది? ఈ ఒక్క చోట నిదానంగా చదవండి. సర్వీసు పెన్షన్ తీసుకుంటూ చనిపోయినవారి భార్యకు మొదట పెంచిన రేటులో, అంటే చివరి జీతంలో 50 శాతం లెక్కన ఫ్యామిలీ పెన్షన్ ఇస్తారు. ఇది ఏడేళ్లు, లేదా ఆయన బతికుంటే 67 ఏళ్లు నిండే రోజు వరకు, ఏది ముందైతే అది. మీ ఆయనకు 67 నిండేది చాలా తర్వాత, కాబట్టి మీకు ఏడేళ్లు, అంటే 2032 అక్టోబరు దాకా. ఆ తర్వాత మామూలు రేటు, 30 శాతం. నూరు రూపాయలు వచ్చేచోట అరవై వస్తాయన్నమాట. ఉదాహరణకు ఇప్పుడు బేసిక్ 22,000 అనుకుందాం, 2032లో అది 13,200 అవుతుంది. రెండు సందర్భాల్లోనూ డీఏ పైన ఉంటుంది. ఒక మంచి మాట కూడా చెప్పాలి. మీ ఆయన రిటైరయ్యేటప్పుడు పెన్షన్ కమ్యూట్ చేసి ఉంటే, అంటే కొంత భాగానికి బదులు ఒకేసారి డబ్బు తీసుకుని ఉంటే, ఆ కోత మీ పెన్షన్‌లో ఉండదు. అందుకే కొందరు ఆడవాళ్లకు భర్త చేతికి వచ్చినదాని కంటే ఒక మెట్టు ఎక్కువే వచ్చి, ఏదో తప్పు పడిందని భయపడతారు. తప్పు కాదు.

ఏడేళ్ల తర్వాత పడిపోయే ఆ భాగాన్ని ఇప్పుడే పక్కన పెట్టడం మొదలుపెడితే 2032 మీకు బరువనిపించదు. పెన్షన్ వచ్చిన రోజునే 8,000 రికరింగ్ డిపాజిట్‌లోకి వెళ్లిపోయేలా బ్యాంకుకు చెప్పండి. ఏడేళ్లకు అసలే 6,72,000 అవుతుంది, వడ్డీ పైన. ఇప్పుడు ఇంట్లో ఒక మనిషి ఖర్చు తగ్గింది. ఈ మాట రాయడం నాకూ కష్టంగానే ఉంది, కానీ లెక్క అదే.

మీరు అడగనిది ఒకటి, బహుశా మీ ఇంట్లో ఎవరికీ తట్టనిది, మీ ఆయన గార్డు ఉద్యోగం. ఆయన జీతంలో పీఎఫ్ కట్ అయ్యేదా? పే స్లిప్పు చూడండి, లేదా ఆయన ఫోన్‌లో పీఎఫ్ మెసేజులు వెతకండి. ఉద్యోగంలో ఉండగానే పోయారు కాబట్టి పీఎఫ్ నిల్వతో పాటు ఈడీఎల్ఐ అనే ఇన్సూరెన్స్ వస్తుంది. జీతాన్ని బట్టి గరిష్ఠంగా 7 లక్షల దాకా ఉంటుంది. దానికి ఆయన ప్రీమియం కట్టాల్సింది ఏమీ లేదు, యజమానే కట్టాలి. అలాగే పీఎఫ్ వాళ్ల వితంతు పెన్షన్, దానితో పాటు 25 ఏళ్ల లోపు ఇద్దరు పిల్లలకు చిన్న మొత్తం ఉంటాయి. మిలటరీ ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది కదా, ఇది రాదు అని ఏజెన్సీ వాళ్లు అంటే నమ్మకండి, రెండూ వస్తాయి. ఇది మాత్రం సైనిక సంక్షేమ కార్యాలయం పని కాదు, పీఎఫ్ ఆఫీసు పని. ఏజెన్సీ సంతకం పెట్టకుండా నాన్చితే నేరుగా పీఎఫ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ఇంకొకటి, ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్. జవాన్లు రిటైరయ్యేటప్పుడు ఒకేసారి కొంత మొత్తం తీసుకుని నిర్ణీత వయసు వరకు ఎక్స్‌టెండెడ్ ఇన్సూరెన్స్ ఇస్తారు. ఆ సర్టిఫికెట్ సాధారణంగా ట్రంకు పెట్టెలో డిశ్చార్జి బుక్కు కిందే ఉంటుంది. దొరికినా దొరకకపోయినా ఆర్మీ నంబరుతో అడిగించండి. మిలటరీ ఖాతాలకు బ్యాంకులిచ్చే ప్రమాద బీమా మాత్రం గుండెపోటుకు వర్తించదు. దాని కోసం ఎవరైనా డబ్బు అడిగితే మళ్లీ వేరే మధ్యవర్తి దొరికాడనుకోండి.

పిల్లల చదువుకు వద్దాం. బడి రోజుల్లో డిసెంబరు 7న చొక్కాకి చిన్న జెండా స్టిక్కరు గుచ్చి రూపాయో అర్ధరూపాయో తీసుకునేవారు, గుర్తుందా? 1949 నుంచి జరుగుతున్న సాయుధ దళాల పతాక దినోత్సవం అది. ఆ నిధి నుంచే కేంద్రీయ సైనిక్ బోర్డు హవల్దారు ర్యాంకు వరకు ఉన్నవాళ్ల పిల్లలకు చదువు సాయం ఇస్తుంది. ఇద్దరు పిల్లల దాకా, ఒకటో తరగతి నుంచి డిగ్రీ వరకు. నెలకు వెయ్యిగా ఉన్నదాన్ని 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు 2,000 చేశారు. మీ పిల్లలిద్దరికీ కలిపి ఏడాదికి 48,000. పాస్ అయిన ప్రతి సంవత్సరానికీ మళ్లీ దరఖాస్తు పెట్టాలి, ఒకసారి పెడితే దానంతటదే రాదు. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ వస్తుంటే దాచకుండా చెప్పండి, తర్వాత తేలితే ఇబ్బంది. బాబు ఇంజినీరింగ్ వైపు వెళ్తే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది. అబ్బాయిలకు నెలకు 2,500, అమ్మాయిలకు 3,000. ఇంటర్‌లో 60 శాతం రావాలి, కోర్సు మొదటి సంవత్సరంలోనే దరఖాస్తు పెట్టాలి. రెండో ఏడాది గుర్తొచ్చి లాభం లేదు, ఎంతమంది పోగొట్టుకుంటారో. పాప పెళ్లి అప్పుడే కాదుగానీ, ఆ సమయానికి అదే బోర్డు నుంచి లక్ష రూపాయల వివాహ సాయం అడగవచ్చని మనసులో పెట్టుకోండి. 65 దాటిన, పెన్షన్ లేని సైనిక కుటుంబాలకు నెలకు 8,000 ఇచ్చే సాయం ఒకటుంది. మీకు పెన్షన్ ఉంటుంది కాబట్టి అది రాదు, మీ ఊళ్లో ఎవరైనా అలాంటి పెద్దావిడ ఉంటే చెప్పండి.

ఈసీహెచ్ఎస్, అంటే మాజీ సైనికుల వైద్య పథకం కార్డు మీ ఆయన పేరు మీద ఉంటుంది. ఆయన కట్టిన సభ్యత్వమే మీకు కొనసాగుతుంది, ముఖ్య సభ్యురాలిగా మీ పేరు మార్పించుకోవాలి. బాబుకు 25 ఏళ్లు వచ్చేదాకా, లేదా ఉద్యోగమో పెళ్లో అయ్యేదాకా ఉంటుంది. పాపకు పెళ్లి లేదా ఉద్యోగం దాకా. ఇది పూర్తయ్యేలోపు ఎవరైనా హెల్త్ ఇన్సూరెన్స్ అమ్మడానికి వస్తే వద్దని చెప్పండి.

7 లక్షల సంగతి ఇప్పుడు చెప్తాను, ఎందుకంటే నిజానికి అది ఇప్పుడు తేలాల్సిన విషయం కాదు. బకాయి, పీఎఫ్, ఇన్సూరెన్స్ ఏవి వస్తాయో తెలిసేవరకు ఎఫ్‌డీ కదపకండి. పాలసీ ఏజెంటు చెప్పేది పూర్తిగా మోసమని అనను. కానీ ఇప్పటికే జీవితాంతం వచ్చే పెన్షన్ ఉన్న మనిషికి ఇంకో పెన్షన్ కొనమనడం, అదీ పిల్లలు ఫీజులు కట్టే వయసులో డబ్బు బంధించేయడం, ఆయన కమీషన్‌కి తప్ప దేనికీ పనికిరాదు. నెలనెలా వడ్డీ కావాలంటే పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ పథకంలో ఒక్కరి పేర 9 లక్షల దాకా పెట్టుకోవచ్చు. మరిది గారి రెండు రూపాయల వడ్డీ మాట అంటే ఏడాదికి 24 శాతం. అంత వడ్డీకి అప్పు తీసుకునేవాడు బ్యాంకు ఇవ్వని వాడే అయివుంటాడు. మరిది గారిని నొప్పించడం ఇష్టం లేకపోతే డబ్బంతా బాబు ఇంజినీరింగ్ కోసం లాక్ అయిందని చెప్పేయండి.

వెళ్లేటప్పుడు డిశ్చార్జి బుక్, పీపీవో, మరణ ధ్రువీకరణ పత్రం, మీ ఆధార్, పాన్, పాస్‌బుక్, ఈసీహెచ్ఎస్ కార్డు, ఫొటోలు, పిల్లల మార్కుల జాబితాలు పట్టుకెళ్లండి. అన్నీ ఒరిజినల్స్‌తో పాటు రెండేసి జిరాక్సులు. మీకు వితంతు గుర్తింపు కార్డు కూడా ఆ ఆఫీసే ఇస్తుంది, అదే రోజు దరఖాస్తు ఇచ్చి రండి. సొంతింటికి పన్ను మినహాయింపు వర్తిస్తుందేమో కూడా అక్కడే కనుక్కోండి. పాపను వెంట తీసుకెళ్లండి. స్పర్శ్ లాగిన్, ఏటా ఫోన్‌లో ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ తను నేర్చుకుంటే ఇంకెవరి చుట్టూ తిరగక్కర్లేదు. సవరించిన పీపీవో చేతికొచ్చాక అందులో రెండు రేట్లు, పెంచిన రేటు ఆగే తేదీ రాసి ఉంటాయి. ఆ తేదీ 2032 అక్టోబరు కాకుండా వేరేది కనిపిస్తే బకాయి పడేదాకా ఆగకుండా వెంటనే ఆఫీసులో చూపించండి.