కథకుల సందేహాలు: అప్పలనరసమ్మ పాల ప్యాకెట్లు

ప్రశ్న: హుద్‌హుద్ తుపాను మీద కథ రాశాను. పత్రికలవాళ్లు 'పాత్రలు సజీవంగా లేవు' అని తిప్పి పంపారు. అందులోని అప్పలనరసమ్మ మా వీధిలో పాల బడ్డీ నడిపే, నిజంగా ఉన్న మనిషే. మరి సజీవంగా లేకపోవడమేంటండీ? కథ జత చేశాను. (ఒక పాఠకురాలు, గాజువాక)

జవాబు: ఆవిడ మీకు బాగా తెలుసు కాబట్టే ఈ చిక్కొచ్చిందమ్మా. కాగితం మీదకి రాకపోయినా మీ కళ్లకి కనిపిస్తూనే ఉంటుంది. చదివేవాళ్ల దగ్గర కాగితం తప్ప ఏముంది?

తుపాను మాత్రం బాగా రాశారు. 2014 అక్టోబరు 12, ఆ ఆదివారం నేను విశాఖ మహారాణిపేటలో కిటికీ రెక్కకి బెంచీ అడ్డం పెట్టి, దాని మీద కూర్చున్నాను. మీ పేజీలు చదువుతుంటే ఆ చప్పుడు మళ్లీ వినిపించింది. అయితే గాలి వేగం గంటకి 180 కిలోమీటర్లని అంకె వేశారు చూశారా, అది అప్పలనరసమ్మకి తెలిసే అవకాశం లేదు. ఆవిడకి తెలిసిందల్లా బడ్డీ మీది రేకు లేచిపోవడం. తుపానుని ఆవిడ వైపు నుంచి చెబితే మూడు పేజీలు ఒక పేజీకి దిగుతాయి.

నాలుగో పేజీలో గానీ ఆవిడ రాదు. వచ్చీ రాగానే 'కష్టజీవి, ధైర్యవంతురాలు, ఆత్మాభిమానం గల మనిషి' అని కాండక్ట్ సర్టిఫికెట్ ఇచ్చేశారు. ఇక ఆవిడ ఏం చేసినా మాకు కొత్తగా తెలిసేదేముంటుంది?

ఆరో పేజీలో మీరు ఒకటి రెండు వాక్యాల్లో దాటేసిన సంగతి ఉంది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల కోసం జనం ఎగబడుతున్నారు. ట్రేలో కొద్ది ప్యాకెట్లే మిగిలాయి. ఎదురింటి బాలింతకి మామూలు ధరకే ఇచ్చిన అప్పలనరసమ్మ, స్కూటరు మీద వచ్చిన మేష్టారి దగ్గర రెట్టింపు తీసుకుంది. ఆ ముక్క రాసి, భయపడి, 'పాపం, గతిలేకే' అని మీరే సర్దిచెప్పేశారు. కథ అక్కడే ఉందమ్మా! సర్దిచెప్పకండి. ఎక్కువ డబ్బు అడిగేటప్పుడు ఆవిడ మేష్టారి మొహం చూసిందా, ట్రే చూసిందా? ఆ నోటు గల్లాపెట్టెలో వేసిందా, బాలింత కంట పడకుండా కొంగున ముడేసుకుందా? ఇందులో ఏది రాస్తారన్న దాన్ని బట్టి మనిషి మారిపోతుంది. విశేషణాలన్నీ కొట్టేసినా నష్టం లేదు.

ఇక కథ నడక. మధ్యాహ్నం తుపాను కన్ను ఊరి మీదుగా పోతున్నప్పుడు గాలి కాసేపు నెమ్మదించింది కదా. అయిపోయిందనుకుని జనం బయటికొచ్చారు, ఆనక గాలి అటువైపు నుంచి తిరగబడింది. మీరు దాన్ని వర్ణనకి వాడుకుని వదిలేశారు. నేనైతే ఆ కాసేపట్లో మేష్టారిని బడ్డీ దగ్గరికి తెస్తాను. ఎగిరిపోయిన రేకుని ఇద్దరూ కలిసి మోసుకొస్తారు, ఆయన చెయ్యి కోసుకుపోతుంది. మర్నాడు ఆ కట్టుకట్టిన చేత్తోనే పాలకి డబ్బు చాపుతాడు. ఇప్పుడు రెట్టింపు అడగమనండి చూద్దాం! ఒకే ఒక్క సంగతి ముందుకు చేర్చాను, మిగతావన్నీ మీవే.

చివర్లో ప్రభుత్వ బియ్యం వచ్చి అందరూ సంతోషించడం తీసేయండి. బియ్యం నిజంగానే వచ్చి ఉండొచ్చు, కానీ అది అప్పలనరసమ్మ చేసిన పని కాదు. మనిషి లోపలి తడబాటు ఎలా రాయాలో చూడాలంటే మన విశాఖ ప్లీడరు రావిశాస్త్రి గారి నవల 'అల్పజీవి' చదవండి. సుబ్బయ్య పిరికితనం అతని ఆలోచనల్లోంచే మనకి అందుతుంది.

ప్రశ్న: సంభాషణలు మా యాసలో రాస్తే పక్క జిల్లాలవాళ్లకి అర్థం కాదంటున్నారు. మానేయమంటారా? (ఒక పాఠకుడు, అనకాపల్లి)

జవాబు: ఎందుకు మానడం? 'ఏటి బావూ, ఎల్లొస్తాను' అంటే తెలియని తెలుగువాళ్లుంటారా! మీ ఇబ్బంది వేరే. మీ కథలో అందరూ, అన్నిచోట్లా ఒకే యాస మాట్లాడుతున్నారు. పూర్ణా మార్కెట్లో కూరలమ్మే మనిషి బ్యాంకు మేనేజరు ముందు కూర్చుంటే 'ఏటండీ' కాస్తా 'ఏమిటండీ' అయిపోతుంది. లోను రాదని తెలిసిన క్షణాన మళ్లీ 'ఏటి?' అని బయటపడుతుంది. ఆవిడ కోపాన్ని వేరే వర్ణించక్కర్లేదు. పలికిన ప్రతి అక్షరాన్నీ విరిచి రాయాలన్న పట్టుదల కూడా వద్దు, కంటికి శ్రమ.

ప్రశ్న: కథ ఫ్లాష్‌బ్యాక్‌తో మొదలుపెట్టొచ్చా? (ఒక పాఠకుడు, మధురవాడ)

జవాబు: పెట్టొచ్చు గానీ ముందు ఇప్పటి చిక్కు ఒకటి చూపించండి. 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు'లో గోపాలరావు రాత్రి ఒంటిగంటకి ఇంటి తలుపు దగ్గర నిలబడి ఉంటాడు. ఎక్కడి నుంచి వస్తున్నాడో తర్వాత తెలుస్తుంది, ముందైతే తలుపు తీయడం లేదన్న టెన్షన్ ఉంది. మీరు పంపిన కథలో కుర్రాడు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి, కిటికీ పక్కన చేరి, మద్దిలపాలెం వచ్చేలోగా బాల్యమంతా తలుచుకున్నాడు. ఆ కాస్త దూరంలోనా అండీ! మధ్యలో కండక్టరైనా రాడా? రానివ్వండి, టికెట్ అడగనివ్వండి, మీవాడి పర్సు ఇంట్లో మర్చిపోయాడనుకోండి. నాన్న డబ్బు విషయంలో అన్న మాట అప్పుడు గుర్తొస్తే నేను నమ్ముతాను. తిరగరాసి పంపండి. ఈసారి కాగితానికి ఒకవైపే రాయండి, వెనకవైపు సిరా ఇవతలికి దిగి సగం పేర్లు చదవలేకపోయాను.