గాలి పీలుస్తూనే ఉన్న గొర్రె ఊపిరాడక ఎలా చనిపోయింది?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ జిల్లా. 40 జీవాలున్నాయి. వానలు మొదలయ్యాయని నట్టల (కడుపులో పురుగుల) మందు తాగించాం. రెండు రోజులకే మూడు గొర్రెలకు దగ్గు పట్టుకుంది. చీమిడి కారుతోంది, డొక్కలు ఎగరేస్తున్నాయి, మేత ముట్టడం లేదు. నిన్న ఒకటి చనిపోయింది. చివరిదాకా గబగబా గాలి పీలుస్తూనే ఉంది, కానీ ఊపిరాడక పోయిందంటున్నారు. అదెలా? మిగతా రెండింటికి ఏం తాగించాలి?

జవాబు: ముందు మీ ఆఖరి ప్రశ్నకే చెప్తాను, ఏమీ తాగించకండి. మందు కాదు, కషాయం కాదు, నూనె అసలే వద్దు. రొప్పుతున్న గొర్రె సరిగ్గా మింగలేదు, పోసింది మళ్లీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. మీరు రాసినదాన్ని బట్టి నా అనుమానం కూడా అదే, నట్టల మందు పోసేటప్పుడు ఈ మూడింటికి పొలమారి ఉంటుంది.

ఇక ఊపిరి సంగతి. ఊపిరితిత్తుల నిండా కంటికి కనపడనంత చిన్న గాలి గదులుంటాయి, వాటి పల్చటి గోడలోంచే ఆక్సిజన్ రక్తంలోకి వెళ్తుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. మందు ఊపిరితిత్తుల్లోకి పోయి వచ్చే న్యుమోనియాలో ఆ గదులు నీరుతో, చీముతో నిండిపోతాయి. గొర్రె ఎంత పీల్చినా గాలి అక్కడికి చేరదు, కానీ రక్తం మాత్రం అటుగా పారుతూనే ఉంటుంది, ఆక్సిజన్ లేకుండానే గుండెకు తిరిగొచ్చి మంచి రక్తంలో కలిసిపోతుంది. మరి బాగున్న భాగం ఆ లోటు పూడ్చదా అంటే, పూడ్చలేదు. అక్కడి రక్తం మోయగలిగినంత ఆక్సిజన్‌ని ముందే ఎత్తుకుని ఉంటుంది, ఇంకా గబగబా పీల్చినంత మాత్రాన అదనంగా ఎక్కేది చాలా తక్కువ. కార్బన్ డయాక్సైడ్ తేలిగ్గా బయటపడే వాయువు కాబట్టి చాలాసేపు అది పోతూనే ఉంటుంది, ముందు పడిపోయేది ఆక్సిజనే. పైగా ఆ రొప్పుడుకే ఉన్న కాస్త శక్తీ ఖర్చయిపోతుంది.

చనిపోయినదాన్ని ఇంకా పాతిపెట్టి ఉండకపోతే, పశువైద్యుడితో పోస్టుమార్టం చేయించండి. మంచి ఊపిరితిత్తి ముక్క నీళ్లలో తేలుతుంది, న్యుమోనియా ముదిరిన ముక్క కాలేయంలా గట్టిపడి మునిగిపోతుంది. చూస్తే మీకే అర్థమవుతుంది.

మిగతా రెండింటినీ మందలోంచి వేరు చేసి నీడలో, గాలి ఆడే చోట ఉంచండి, తరమకండి. ఈ రోజే ఆసుపత్రికి చెప్పండి, లేదా పశువైద్య సాయం నంబరు 1962కి ఫోన్ చేయండి. యాంటీబయాటిక్, వాపు తగ్గే మందు రెండూ బరువును బట్టి ఇంజెక్షన్‌గానే పడాలి, కాస్త తేలిక కాగానే మధ్యలో ఆపేయొద్దు. నిజం చెప్పాలంటే పొలమారి వచ్చిన న్యుమోనియాలో అన్నీ బతకవు, అయినా మొదటి రోజు వేసిన ఇంజెక్షన్‌కీ నాలుగో రోజు వేసినదానికీ చాలా తేడా ఉంటుంది. నాలుక, కనురెప్ప లోపలి పొర నీలంగా మారిందంటే పరిస్థితి బాగా చేయి దాటినట్టే. కానీ నట్టలతో రక్తం తగ్గిపోయిన గొర్రెలో ఆ నీలం సరిగ్గా కనపడదు, కాబట్టి రంగు బాగానే ఉందిలే అని ధీమాగా ఉండకండి. దానికంటే పొద్దున్నే, ఎండ రాకముందు, దూరం నుంచి డొక్క కదలిక లెక్కపెట్టండి. తీరిగ్గా ఉన్న గొర్రెకు నిమిషానికి 15 నుంచి 30 దాకా మామూలే. నీడలో ఊరకే నిలబడి కూడా అంతకు బాగా మించి పోతుంటే అనుమానించాలి.

ఈసారి మందు పోసేటప్పుడు తల పైకెత్తి పట్టుకోవడం మానేయండి, చాలామంది చేసేది ఇదే. మూతి నేలకు సమంగా ఉంటే చాలు. నాలుక లాగకుండా, నోటి పక్క నుంచి కొంచెం కొంచెంగా పోయండి, దగ్గితే వెంటనే తల వదిలేయండి.

దగ్గు మందలో మిగతావాటికీ పాకితే మాత్రం ఇది పొలమారడం ఒక్కటే కాదు. జ్వరం, నోట్లో పుండ్లు, పారుడు కూడా ఉంటే పీపీఆర్ అనే అంటురోగం కావచ్చు. జ్వరం లేకుండా దగ్గు ఒక్కటే రోజుల తరబడి సాగుతుంటే ఊపిరితిత్తుల నట్టలున్నాయేమో పేడ పరీక్ష చేయించండి. వానకని దొడ్డి చుట్టూ టార్పాలిన్ కట్టి ఉంటే పైన ఒక అడుగైనా వదలండి, మూత్రం ఘాటు లోపలే ఉండిపోతే మంచి గొర్రెల ఊపిరితిత్తులు కూడా దెబ్బతింటాయి. దోమలకని రాత్రంతా వేసే పొగ కూడా అంతే.