పాత అంబాసిడర్‌కు వెనక డిస్క్ బ్రేకులు వేయిస్తే కేసవుతుందా?

ప్రశ్న: మా నాన్నగారి 1996 మోడల్ అంబాసిడర్ (1800 పెట్రోలు) ఇప్పుడు నేను వాడుతున్నాను. ముందు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ములు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ వేరే కారు నుంచి తీసిన డిస్కులు, క్యాలిపర్లు (ప్యాడ్లతో డిస్కును పట్టి ఆపే భాగాలు) తెచ్చి, వెనక యాక్సిల్‌కు బ్రాకెట్లు వెల్డింగ్ చేసి బిగిస్తానంటున్నాడు. ఆర్టీవో అనుమతి కావాలా? రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఎగ్గొడతారా? ఆర్సీ గడువు 2026 ఆగస్టుతో అయిపోతుంది. అదొక టెన్షన్.
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ఆర్టీవో ఆఫీసు నుంచి కాగితం చేతికి రాకుండా యాక్సిల్ మీద వెల్డింగ్ పెట్టించకండి.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. మీ ఆర్సీ తీసి చూడండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, సీసీ, ఇంధనం, సీట్లు, బరువు, రంగు ఉంటాయి. బ్రేకులు ఏ రకమో ఉండదు. పైగా ఆ సెక్షన్ వివరణలో, మార్పు అంటే నిర్మాణం మారి బండి మౌలిక లక్షణమే మారిపోవడం అని ఉంది. డ్రమ్ము తీసి డిస్కు పెట్టినంత మాత్రాన కారు మౌలిక లక్షణం మారదని నేనైతే వాదిస్తాను. గెలుస్తానని మాత్రం మాట ఇవ్వలేను.

ఎందుకంటే, 2019 జనవరిలో కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు కేరళ హైకోర్టు తీర్పును పక్కనపెట్టి, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో 182ఎ సెక్షన్ వచ్చింది. చట్టం, రూల్సు ఒప్పుకోని పద్ధతిలో బండిని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, లేదా రెండూ. విడిభాగాలు కొత్తగా బిగించడం కూడా ఇందులోకి వస్తుందని ఆ సెక్షన్‌లోనే రాశారు. బ్రేకుల పేరు ప్రత్యేకంగా లేకపోయినా, వెల్డింగ్ చేసిన యాక్సిల్‌ను చూసి అధికారి ఈ సెక్షన్ పెడితే మీరు కోర్టు మెట్లెక్కక తప్పదు.

హ్యాండ్ బ్రేక్ దగ్గర మాత్రం ఏ వాదనా నిలవదు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 96వ రూలు కాలి బ్రేకు, పార్కింగ్ బ్రేకు విడివిడిగా, రెండూ సమర్థంగా పనిచేయాలంటుంది. మీ కారులో హ్యాండ్ బ్రేక్ కేబులు వెనక డ్రమ్ముల్లోని షూలను (లోపలి నుంచి డ్రమ్ముకు ఒత్తుకుని ఆపే భాగాలను) లాగుతుంది. డ్రమ్ము పోతే ఆ ఏర్పాటూ పోతుంది. పార్కింగ్ బ్రేకు కూడా ఉన్న క్యాలిపర్లు తెస్తున్నాడో లేదో మీ మెకానిక్‌ను ముందే అడగండి. "హ్యాండ్ బ్రేక్ ఎందుకు సార్, గేరులో పెట్టి ఆపండి" అన్నాడంటే వెంటనే అక్కడినుంచి వచ్చేయండి.

ఇక నన్ను ఎక్కువగా కలవరపెట్టేది చలాన్ కాదు. మీ కారు తగిలి ఎవరికైనా దెబ్బలు తగిలినా, ప్రాణం పోయినా, 136వ సెక్షన్ కింద బండిని పరీక్షిస్తారు. మన దగ్గర ఆ పని మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్‌ది, అంటే మనమందరం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే ఆయనది. మామూలుగా ఆయన "ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరగలేదు" అని రాస్తాడు, కేసు డ్రైవింగ్ మీద నడుస్తుంది. మీ విషయంలో ఆయన వెనక చక్రం దగ్గర టార్చి వేసి చూస్తే కంపెనీది కాని బ్రాకెట్టు, వెల్డింగ్ అతుకు కనిపిస్తాయి. అవి రిపోర్టులోకి ఎక్కితే, తప్పు అవతలివాడిదే అయినా, బ్రేకుల గురించి సమాధానం చెప్పుకోవాల్సింది మీరే. నిర్లక్ష్యం వల్ల మరణం అయితే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. పాత ఐపీసీలో ఇది రెండేళ్లే.

అప్పుడు బోనులో ఎదురయ్యే ప్రశ్నలు కూడా చెప్తాను. బ్రేకు వేస్తే బరువు ముందుకు వాలి వెనక చక్రాలు తేలికవుతాయి కదా, ముందు చక్రాల కంటే ముందే వెనకవి లాక్ అయితే కారు తోక తిప్పదా? డ్రమ్ముల కోసం లైనులో కొద్దిపాటి ప్రెషర్ నిలిపి ఉంచే వాల్వు ఉంటే దాన్ని తీశారా? తీయకపోతే ప్యాడ్లు డిస్కుకు రాసుకుంటూ వేడెక్కవా? మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను నెట్టే భాగం) కొత్త క్యాలిపర్లకు సరిపోతుందని ఎవరు లెక్కగట్టారు? "మా మెకానిక్ అనుభవజ్ఞుడండీ" అన్నది కోర్టులో సమాధానం కాదు.

ఇన్సూరెన్స్‌లో రెండు భాగాలున్నాయి. మీ కారుకు జరిగిన నష్టానికి క్లెయిమ్ పెడితే, బండిని సవ్యమైన స్థితిలో ఉంచాలన్న షరతు తప్పారని కంపెనీ నిరాకరించవచ్చు. పాత అంబాసిడర్‌కు పాలసీలో రాసే విలువే తక్కువ కాబట్టి ఆ నష్టం భరించదగ్గదే. థర్డ్ పార్టీ పరిహారం, అంటే మీ కారు వల్ల నష్టపోయిన అవతలివారికి ఇచ్చేది, అలా కాదు, అది లక్షల్లో ఉంటుంది. దాన్ని ఎగ్గొట్టడానికి కంపెనీకి చట్టం కొన్ని కారణాలే ఇచ్చింది, బ్రేకులు మార్చడం ఆ జాబితాలో లేదు. కానీ ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకోవడం ఉంది. కాబట్టి పని చేయించాక రెన్యువల్‌కు వెళ్లేటప్పుడు మార్పు సంగతి కంపెనీకి ఈమెయిల్‌లో రాసి, జవాబు దాచుకోండి. ఏజెంటుకు ఫోన్‌లో చెప్పడం సరిపోదు.

ఆర్సీ రెన్యువల్‌కు ఫారం 25 పెట్టాలి. గడువుకు 60 రోజుల ముందు నుంచి పెట్టవచ్చు. అక్కడ తనిఖీలో బ్రేకులు చూస్తారు. అందుకే నా సలహా, ముందు డ్రమ్ములతోనే రెన్యువల్ ముగించండి. కొత్త లైనర్లు, వీల్ సిలిండర్లు వేయించి, డ్రమ్ములు లేత్ పట్టిస్తే ఆ కారు బాగానే ఆగుతుంది. ఆగే భారం ఎక్కువగా మోసేది ముందున్న డిస్కులే, అవి మీకు ఎలాగూ ఉన్నాయి.

అప్పటికీ మనసు డిస్కుల మీదే ఉంటే, ఏ భాగాలు, ఎలా బిగిస్తారు, హ్యాండ్ బ్రేక్ ఎలా పనిచేస్తుంది అన్నవి రాసి, మీ ఆర్టీవోకు దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. వెల్డింగ్ లేకుండా యాక్సిల్‌కు ఉన్న బోల్టు రంధ్రాలకే బిగిసే బ్రాకెట్టయితే మీ మాటకు బలం ఎక్కువ. అనుమతి వచ్చి పని పూర్తయ్యాక 14 రోజుల్లో ఆర్సీతో సహా తెలియజేయాలి. అనుమతి నిరాకరిస్తే ఆ ఉత్తర్వు అందిన 30 రోజుల్లో 57వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. నోటిమాటగా "కుదరదు పోవయ్యా" అంటే అప్పీలుకు ఆధారం ఉండదు, రాతపూర్వకంగా ఇమ్మని అడగండి.

మెకానిక్ దగ్గర బిల్లు తప్పనిసరి. ఏ భాగం కొత్తది, ఏది పాతది, పనికి ఎంత అన్నది అందులో ఉండాలి. బిగింపులో లోపం వస్తే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, అక్కడ మొదట అడిగేది ఆ బిల్లే.