టెక్ సందేహాలు: ఫోన్ ఫోటోతో కొమ్ము పొడవు కొలవొచ్చా?

ప్రశ్న: ప్రాజెక్టు కోసం మ్యూజియంలోని హెర్క్యులిస్ బీటిల్ నమూనాలను ఫోన్‌తో ఫోటోలు తీశాను. యాప్ మగవాటిని గుర్తుపడుతోంది కానీ ఆడవాటిని వేరే జాతి అంటోంది. మగవాటిలోనూ కొమ్ములు, రంగు ఒక్కోదానికి ఒక్కోలా ఉన్నాయి. ఈ తేడాలను ఎలా నమోదు చేయాలి?

జవాబు: యాప్ చెప్పేది సలహా మాత్రమే. అది ఫోటోలు చూసి నేర్చుకుంటుంది. కొమ్ములున్న పురుగులనే ఎక్కువగా చూసి ఉంటే, కొమ్ములు లేనిదాన్ని చూసి తికమకపడుతుంది. మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో ఉండే ఈ పురుగులో మగదానికి తలమీద ఒకటి, ఛాతీ పైపెంకు నుంచి ఒకటి, రెండు కొమ్ములుంటాయి. ఆడదానికి ఒక్కటీ ఉండదు. పైగా దాని పెంకు గరుకుగా, సన్నటి రోమాలతో ఉంటుంది. అందుకే జాతి పేరు నమూనా లేబుల్ చూసి రాసుకోండి. జీవుల ఫోటోలు పంచుకునే ఐనాచురలిస్ట్‌ సైట్‌లో పెడితే ఆడదో మగదో మీరు నమోదు చేసే ఆప్షన్ కూడా ఉంది, వదిలేయకండి.

అసలు పని కొలతల దగ్గర ఉంది. ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకోండి. పురుగు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, స్కేలు మీద 10 మిల్లీమీటర్లకు గీత గీసి, అనలైజ్ మెనూలో సెట్ స్కేల్ ఇస్తే చాలు, ఆపైన గీసే ప్రతి గీతా మిల్లీమీటర్లలోనే వస్తుంది. ఎక్కువమంది తప్పు చేసేది స్కేలు పెట్టే చోటే. దాన్ని బల్ల మీద పెడతారు, కొమ్మేమో అంతకంటే ఎత్తులో, కెమెరాకు దగ్గరగా ఉంటుంది. దాంతో కొమ్ము ఉన్నదానికంటే పొడవుగా వస్తుంది. స్కేలును కొమ్ము ఎత్తుకు లేపండి, కొమ్ముల కోసం పక్కనుంచి తీయండి. ఫోన్‌ను మరీ దగ్గరకు పెట్టకుండా కాస్త వెనక్కి జరిగి, టెలిఫోటో లెన్స్ ఉంటే దాంతో తీయండి.

పురుగు సైజుకు మొత్తం పొడవు తీసుకోవద్దు. పెద్ద మగది కొమ్ముతో కలిపి 17 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, అందులో కొమ్ముదే పెద్ద వాటా. దాన్ని సైజు లెక్కలో కలిపేస్తే కొమ్మును కొమ్ముతోనే పోల్చినట్టవుతుంది. రెక్క పెంకు పొడవో, ఛాతీ పెంకు వెడల్పో తీసుకోండి. ఆడ, మగ కొలతలు వేరువేరు కాలమ్స్‌లో పెట్టి, మగవాటి కొమ్ము పొడవును శరీర సైజుతో లాగ్ స్కేల్ (రెండు అక్షాల మీదా లాగరిథమ్ విలువలు) గ్రాఫ్‌లో గీయండి. శరీరం కొంచెం పెరిగితే కొమ్ము అంతకు మించి పెరగడం కనిపిస్తుంది. నాకు ఈ గ్రాఫ్ చూడటమంటే ఎంతిష్టమో! చిన్న కొమ్మున్నది పిల్ల పురుగు అనుకోకండి. ప్యూపా నుంచి బయటికొచ్చాక బీటిల్ ఇక పెరగదు. లార్వాగా ఉన్నప్పుడు దొరికిన తిండిని బట్టే కొమ్ము సైజు చాలావరకు తేలిపోతుంది.

ఇక రంగు. తప్పు ఫోన్‌ది కావచ్చు, పురుగుది కూడా కావచ్చు! ఈ పురుగు రెక్క పెంకు పొడిగా ఉంటే పసుపు-ఆకుపచ్చగా, తేమ పట్టితే నల్లగా మారుతుంది. పెంకు పైపొర కింద స్పాంజి లాంటి పొర ఉంటుంది. అందులో గాలి ఉంటే వెలుగు తిరిగొచ్చి పసుపు కనిపిస్తుంది, తేమ చేరితే వెలుగు లోపలికి పోయి అడుగునున్న నలుపు బయటపడుతుంది. కాబట్టి రంగు రాసేటప్పుడు గదిలో తేమ శాతం కూడా రాయండి. ఫోన్‌లో ఆటో వైట్ బ్యాలెన్స్, ఏఐ మెరుగులు ఆపేసి, రా ఫార్మాట్‌లో (ఫోన్ మెరుగులు దిద్దని ఫైలు), ఫ్రేమ్‌లో గ్రే కార్డు (రంగులు సరిచూసుకునే బూడిద రంగు అట్ట) పెట్టి తీయండి.

ప్రశ్న: దగ్గరగా తీస్తే కొమ్ము కొన ఫోకస్‌లో ఉంటే వీపు మసకగా వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: ఫోకస్ స్టాకింగ్. ఫోన్‌ను స్టాండుకు బిగించి, మాన్యువల్ ఫోకస్‌ను కొన నుంచి వీపు దాకా కొంచెం కొంచెం జరుపుతూ వరుసగా ఫోటోలు తీయండి. హెలికాన్ ఫోకస్ లాంటి సాఫ్ట్‌వేర్ వాటిని ఒకే స్పష్టమైన ఫోటోగా కలుపుతుంది.

ప్రశ్న: ఫోన్‌లోని మెజర్ యాప్‌తో కొలిస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. అది సోఫా, తలుపులు కొలవడానికి పనికొచ్చేది. వెర్నియర్ కాలిపర్‌తో కొన్ని నమూనాలు కొలిచి, ఇమేజ్‌జే అంకెలతో పోల్చి చూసుకోండి.