చిత్త నక్షత్రానికీ చిత్తానికీ చుట్టరికం ఉందా?

సందేహం: మా అమ్మాయిది చిత్త నక్షత్రం, రెండో పాదం. సంబంధం మాట్లాడటానికి వచ్చిన పెద్దావిడ "చిత్తవాళ్ళకి చిత్తం నిలకడగా ఉండదు, పేరులోనే ఉంది కదా" అన్నారు. ఆ పేరుకు నిజంగా అదే అర్థమా? చిత్త అనాలా, చిత్ర అనాలా? మఖ–మఘ, ఆరుద్ర–ఆర్ద్ర, పుబ్బ–పూర్వఫల్గుణి, వీటిలో ఏవి సరైనవి? "మఖలో పుట్టి పుబ్బలో మాడినట్టు" అనాలా, "పుబ్బలో పుట్టి మఖలో" అనాలా?

సమాధానం: నక్షత్రం అసలు పేరు చిత్రా. ప్రాకృతంలో త్రకారంలోని రేఫ జారిపోయి తకారం ద్విత్వమవుతుంది. పుత్ర పుత్త అయినట్టే చిత్రా చిత్తా అయింది. ఆకారాంత స్త్రీలింగాల చివరి దీర్ఘాన్ని తెలుగు కుదించుకుంటుంది. సీతా, రమా మనకు సీత, రమ అయిన దారిలోనే చిత్తా చిత్త అయింది. మనసు అనే అర్థమున్న మాట వేరు. అది సంస్కృతంలో నపుంసకలింగం. చివర ‘ము’ (దీన్నే మువర్ణకం అంటారు) చేరి తెలుగులో చిత్తము, చిత్తం అయింది. "చిత్తం, అలాగే" అనడం, "చిత్తగించండి" అనడం ఈ రెండో మాట నుంచి వచ్చినవి.

రెండూ వేరని తెలుసుకోవడానికి నిఘంటువు దాకా వెళ్ళనక్కర్లేదు, విభక్తి చేర్చి చూస్తే చాలు. నక్షత్రమైతే చిత్తలో, చిత్తకు. మనసైతే చిత్తంలో, చిత్తానికి. "అమ్మాయి చిత్తలో పుట్టింది" అంటాం, "చిత్తంలో పుట్టింది" అనం. అయితే సమాసంలోకి వచ్చేసరికి మువర్ణకం పోతుంది: చిత్తశుద్ధి, చిత్తచాంచల్యం. అక్కడ రెండు మాటలూ ఒకే రూపంలో కనబడతాయి. ఆ పెద్దావిడ పొరబడింది సరిగ్గా ఇక్కడే.

వేదకాలం దాకా వెనక్కి వెళితే ఒక దూరపు చుట్టరికం కనబడుతుంది, దాన్ని దాచకూడదు. చిత్ర శబ్దాన్నీ చిత్త శబ్దాన్నీ చారిత్రక భాషాశాస్త్రం చిత్ అనే ఒకే ధాతువుకు ముడిపెడుతుంది. గమనించడం, గమనానికి రావడం ఆ ధాతువు అర్థాలు. గమనించేది చిత్తం, కంటికి కొట్టొచ్చినట్టు కనబడేది చిత్రం. ఆకాశంలో ఒంటరిగా ముత్యంలా మెరిసే చుక్కకు చిత్ర అనే పేరు అలా కుదిరింది. చంచలత్వం ఈ రెండింటిలో దేనికీ లేదు.

జ్యోతిషం ఏమంటుందో కూడా చూడాలి. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహజ్జాతకంలో చిత్తవాళ్ళ గురించి చెప్పింది ఇంతే: "చిత్రాంబరమాల్యధరః సులోచనాంగః". రంగురంగుల బట్టలు, పూలదండలు ధరించేవారు, అందమైన కళ్ళూ అవయవాలూ ఉన్నవారు అని. చిత్ర అంటే రకరకాల వన్నెలు కలది అన్న అర్థాన్నే ఆయన అలంకారప్రీతిగా మలిచాడు. మనసు ఊసే లేదు. అధిదేవత త్వష్ట దేవశిల్పి కాబట్టి చేతిపని నేర్పును ఈ నక్షత్రానికి ముడిపెట్టడానికి ఒక ఆధారమైనా ఉంది. నిలకడలేనితనానికి తెలుగు చెవి తప్ప వేరే ఆధారం లేదు. పెళ్ళి పొంతన చూసే 36 గుణాల్లో గణానికి (దేవ, మనుష్య, రాక్షస అనే స్వభావ విభజనకు) 6 ఉన్నాయి, పేరు వినిపించే తీరుకు ఒక్కటీ లేదు.

మూల నక్షత్రానిదీ ఇదే అవస్థ, ఇంకాస్త గట్టిది. "మూలవాళ్ళు ఓ మూల ముడుచుకుంటారు" అనే మాట వినిపిస్తూనే ఉంటుంది. ఇంటి మూల ద్రావిడ పదం: తమిళంలో మూలై, కన్నడంలో మూలె. నక్షత్రం మూల సంస్కృతం, వేరు అని అర్థం: తమిళంలో మూలం, కన్నడంలో మూలా. పక్క భాషలు విడివిడిగా ఉంచుకున్న రెండు మాటలు మన నోట ఒకటైపోయాయి. ఇక్కడ విభక్తి పరీక్ష కూడా పనిచేయదు, రెండింటికీ మూలలో, మూలకు అనే వస్తుంది. ఈ నక్షత్రానికి అధిదేవత వినాశనానికి దేవత అయిన నిరృతి. జ్యేష్ఠ చివర, మూల మొదట గండాంతం, అంటే కీడుగా ఎంచే సంధికాలం ఉంటుంది. భయం అక్కడి నుంచి వచ్చింది. బృహజ్జాతకం మాత్రం మూలవాళ్ళను అభిమానవంతులు, ధనవంతులు, సుఖవంతులు, హింస చేయనివారు, స్థిరులు అంటుంది. ఆడపిల్లది మూల అనగానే లేచిపోయేవాళ్ళు ఈ ఒక్క పాదం చదివితే బాగుండును.

ఆరుద్ర కథ వేరు. ఆర్ద్ర అంటే తడిసినది. ర్ద్ర పలకడం కష్టమై రేఫకు ఒక ఉకారం తోడొచ్చింది. హర్షము హరుసము అయినట్టే ఆర్ద్ర ఆరుద్ర అయింది. తొలకరి తర్వాత చేలల్లో తిరిగే ఎర్రటి మఖమల్ లాంటి పురుగును ఆరుద్ర పురుగు అనడం ఆరుద్ర కార్తెను (సూర్యుడు ఈ నక్షత్రంలో ఉండే రోజులను) బట్టే. అధిదేవత రుద్రుడు కావడంతో కొందరు పేరులో రుద్రుణ్ణి వెతుకుతారు. ఆ పోలిక కాకతాళీయం. ఇంకొందరు ఆర్ద్ర అనే అర్థం పట్టుకుని "కరుణ గలవారు" అంటారు. వరాహమిహిరుడు పేరును పక్కనపెట్టి దేవత పక్షం వహించాడు: గర్వం, హింస, కృతఘ్నత అంటూ కఠినంగానే చెప్పాడు. స్వభావం చెప్పేవారు పేరును ఒకచోట, దేవతను ఇంకోచోట ఆధారం చేసుకుంటారు కాబట్టి, పేరు ఒక్కటే విడదీసి ఫలితం చెప్పడం శాస్త్రం ఒప్పుకున్న పద్ధతి కాదు.

మఖకు మూలం మఘా. మఘ అంటే సంపద, దానం. ఇంద్రుణ్ణి మఘవుడు అనేది అందుకే. సంస్కృతంలో మఖం అంటే యజ్ఞం, దానికీ ఈ నక్షత్రానికీ పొత్తు లేదు. ఘకారమే అసలుదనడానికి సాక్ష్యం పంచాంగంలోనే ఉంది: ఈ నక్షత్రంతో పున్నమి వచ్చే నెల మాఘం. అయినా తెలుగు వాక్యంలో మఖ అనడం తప్పు కాదు, అది స్థిరపడిన రూపం. పుబ్బ కూడా అంతే. పూర్వా ప్రాకృతం మీదుగా పుబ్బ అయింది, కన్నడంలో పకారం హకారమై హుబ్బ అయింది. తత్సమంగా రాయాలనుకుంటే పూర్వఫల్గుని అని నకారంతో రాయడం సాధువు. "ఫాల్గునే గగనే ఫేనే ణత్వమిచ్ఛంతి బర్బరాః" అని సంస్కృత పండితులు కోప్పడింది ఈ ణకారం మీదే.

సామెత విషయంలో "మఖలో పుట్టి పుబ్బలో మాడినట్టు" సరైనది. మఖ 10వది, పుబ్బ 11వది. ఇవాళ పుట్టి రేపు పోవడం, లేదా ఒక కార్తెలో పుట్టి తర్వాతి కార్తెలో పోవడం అల్పాయుష్షు. తిరగేస్తే పుబ్బ నుంచి మఖకు 26 నక్షత్రాలు దాటాలి, కార్తెల లెక్కలో దాదాపు ఏడాది. అప్పుడు సామెతకు ప్రాణం పోతుంది. నా దృష్టిలో ఇది కార్తెల మాటే. మాడటం అనే క్రియ మొలకకు, పైరుకు అతుకుతుంది. మఖ కార్తె ఆగస్టు మధ్యలో వస్తుంది, పుబ్బ ఆ నెలాఖరులో. వాన మొహం చాటేస్తే మఖలో మొలిచింది పుబ్బలో మాడుతుంది. "ఉత్తర చూసి ఎత్తర గంప"లో ఉత్తర కూడా ఆ తర్వాతి కార్తే, దిక్కు కాదు.

కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రంలో ఉండే 13, 14 రోజులు. జన్మనక్షత్రం చంద్రుణ్ణి బట్టి. "చిత్తకార్తె కుక్క" అనే తిట్టు అక్టోబరులో వచ్చే కార్తెది, దాన్ని చిత్తలో పుట్టిన మనిషికి అంటగట్టడం రెండు వేర్వేరు లెక్కల్ని కలిపేయడం.

రాతలో ఒక జాగ్రత్త: సంకల్పంలాంటి సంస్కృత వాక్యంలో చిత్రానక్షత్రం, తెలుగులో చిత్త నక్షత్రం. రెంటినీ కలిపి చిత్తానక్షత్రం అనకపోవడం మంచిది. జాతకం రాయించేటప్పుడు క్యాలెండరు గడిలో ఉన్న పేరును మాత్రమే ఎత్తి రాయకండి. "చిత్త ఉ. 10.40 వరకు" అని ఉంటే, ఆ రోజు 11 గంటలకు పుట్టిన బిడ్డది స్వాతి.