మేనల్లుడికి, మెమో నాటకం గురించి

చిరంజీవి చిన్నాకి మావయ్య ఆశీస్సులు.

చెక్ నాటక రచయిత వాత్స్లావ్ హావెల్ రాసిన ‘మెమోరాండం’ తెలుగులో వేస్తున్నానని ఫోన్లో చెప్పావు. నువ్వు పంపిన స్క్రిప్టు రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్లు పగలు ఆఫీసులో ఫైళ్లు, సాయంత్రం రిహార్సల్స్ అని బతికినవాణ్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను. నచ్చితే తీసుకో.

నాటకంలో గ్రాస్ అనే ఆఫీసు డైరెక్టరు బల్ల మీదకి ‘ప్టిడెపె’ అనే కొత్త ఆఫీసు భాషలో ఒక మెమో వస్తుంది. అందులో ఏముందో తెలుసుకోవాలంటే అనువాదం చేయించుకోవాలి. దానికి అనుమతి కావాలి. ఆ అనుమతి రావాలంటే మెమో ముందే అనువాదమై ఉండాలి. ఇక్కడ నువ్వు పగలబడి నవ్వి ఉంటావు. నాకు నవ్వు రాలేదురా. నా పెన్షన్ కాయితాలప్పుడు సర్వీసు రిజిస్టరు కనబడలేదు. పోయినట్టు సర్టిఫికెట్ తెమ్మన్నారు. సర్టిఫికెట్ ఇవ్వడానికి రిజిస్టరు నంబరు అడిగారు. నంబరేమో రిజిస్టరు అట్ట మీదే ఉంది! ఆ మాట చెప్పిన గుమాస్తాకి నా మీద కోపమేమీ లేదు. కుర్చీ వేసి, టీ తెప్పించి, పాపం, చాలా ఓపిగ్గా చెప్పాడు. నీ నటులకి కావలసింది ఆ టీ. కసురుకునే గుమాస్తాని పెడితే సినిమా కామెడీ అవుతుంది. మర్యాదగా దారి మూసేవాణ్ని పెట్టు.

ఒకసారి ఇలాంటి ఆఫీసు నాటికలోనే అటెండరు పాత్రధారిని వంకర నడక నడవనిచ్చాను. మొదటి ఐదు నిమిషాలు హాలు ఊగిపోయింది. ఆ తర్వాత వాడు ఎంత వంకరపోయినా ఒక్కడూ నవ్వలేదు. వేదిక మీద ఇది హాస్య నాటకమని ఎవరికీ తెలియకూడదు. ఆ సంగతి ముందు వరసలో కూర్చున్నవాళ్లకి తెలిస్తే చాలు.

ఇక ఆ భాష. మన పిల్లలు ఆడుకునే క-భాషలా చేయకు, రెండో డైలాగుకే విసుగొస్తుంది. హావెల్ దానికో లెక్క పెట్టాడు: ఒకే పొడవున్న రెండు మాటల్లో కనీసం 60 శాతం అక్షరాలు వేరుగా ఉండాలి. తరచూ వాడే మాట పొట్టిగా, అరుదుగా వాడేది పొడుగ్గా ఉండాలి. అందుకే వాంబాట్ అనే జంతువుకి 319 అక్షరాల మాట! నాటకంలో ఆఫీసువాళ్లకి ఈ భాష పాఠం చెప్పే మాస్టారు దాన్ని లెక్కల మాస్టారంత నిష్ఠగా చెప్పాలి. మిగతావాళ్లు ప్రతి ప్టిడెపె వాక్యానికీ తెలుగు అర్థం రాసుకుని, పద్యం బట్టీ పట్టినట్టు పట్టాలి. గొణిగితే నేను హాల్లోంచే అరుస్తాను. తెలుగు డైలాగులకి మాత్రం మన ఫైలు తెలుగే పెట్టు. ‘తమరికి తెలియజేయునది ఏమనగా’ అని మామూలు గొంతుతో అంటే చాలు, వెటకారం కలపక్కర్లేదు.

వస్తువుల సంగతి. ఖాళీ అట్టల ఫైళ్లు పెట్టకు. వాటిని మోసేవాడి చెయ్యి అబద్ధమాడుతుంది. పాత కాయితాలు నింపి, ట్యాగు కట్టి, నిజంగా బరువుగా ఇవ్వు. స్టాంపు వేసేవాడు ముందు రబ్బరు మీద నోరు దగ్గరపెట్టి ‘హా’ అని ఊదాలి. వేశాక కాయితం వెలుతురుకేసి పట్టుకుని చూసి, సగమే పడిందని మళ్లీ ఊది, మళ్లీ వెయ్యాలి. అంతసేపూ ఎదుటివాడు నిలబడే ఉంటాడు. ఆ పది సెకన్లకి ఏ సంగీతమూ వద్దు. హావెల్ కూడా ప్రాగ్‌లో ఒక థియేటర్లో మొదట స్టేజీ పనివాడిగా చేరినవాడే. 1965లో ఈ నాటకం మొదట ఆడింది కూడా అక్కడే.

సెట్టుకి డబ్బు తగలెయ్యకు. డైరెక్టరు గది, క్లాసు, అనువాద విభాగం. ఈ మూడే తిరిగి తిరిగి వస్తాయి. బల్లలు అటూ ఇటూ జరిపి, లైటు మార్చు.

అన్నిటికన్నా నాకు భయం చివరి రంగం. మరియా అనే చిన్న ఉద్యోగి జాలిపడి, అనుమతి లేకుండానే గ్రాస్‌కి ఆ మెమో చదివిపెడుతుంది. ఆ పాపానికి ఆమె ఉద్యోగం పోతుంది. గ్రాస్ ఆమెని కాపాడగలిగీ కాపాడడు. కాపాడకపోవడానికి మానవజాతి బాధలన్నీ కలిపి పెద్ద ఉపన్యాసం ఇస్తాడు. ఇంత చక్కగా తనతో ఇంతవరకూ ఎవరూ మాట్లాడలేదని ఆ పిల్ల మురిసిపోతుంది. మన పరిషత్తు అలవాటు ప్రకారం ఇక్కడ వయొలిన్ వేయించాలని నీ చెయ్యి దురద పెడుతుంది. వద్దు. ఆమె ఏడవకూడదు. గ్రాస్ దొంగచూపులు చూడకూడదు, వాడు ఆ ఉపన్యాసాన్ని నిజంగానే నమ్ముతున్నాడు.

చిట్టచివర అందరూ భోజనానికి పోతారు కదా, అసలు నాటకంలో ఫోర్కులు, కత్తులు పట్టుకుని. నువ్వు స్టీలు క్యారేజీలు ఇవ్వు. మూతలు సరిగ్గా పట్టనివి చూసి కొను. వరసగా వెళ్తుంటే గలగలమనాలి. ఆ చప్పుడు వింగులోకి పోయి పూర్తిగా ఆగాకే లైట్లు తీయమను. లైట్ల కుర్రాడికి ముందే చెప్పి ఉంచు, వాళ్లకి తొందరెక్కువ.

రిహార్సల్ ఎప్పుడో చెప్పు, వస్తాను. నాకు పాత్ర వద్దు, మోకాళ్లు ఒప్పుకోవు. స్టాంపు వేయడం మాత్రం నేర్పిస్తాను.

ఇట్లు
మావయ్య