విష్ణుక్రాంతా, విష్ణుకాంతా?

సందేహం: వినాయక చవితి పత్రిలో వాడే ఆకును మా ఇంట్లో విష్ణుకాంత అంటాం. పూజా పుస్తకంలో ‘విష్ణుక్రాంతపత్రం’ అని ఉంది. ఏది ఒప్పు? పోయిన చవితికి బజారులో పత్రికట్టలో శంఖుపూల తీగ పెట్టి అదే విష్ణుక్రాంత అన్నారు. అసలు విష్ణుక్రాంత తీగేనా? మిద్దె మీద తొట్టిలో పెంచుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: మొక్క పేరుగా విష్ణుక్రాంతే ఒప్పు. అడుగు వేయడమని అర్థమిచ్చే ‘క్రమ్’ ధాతువు నుంచి వచ్చిన మాట క్రాంత. ఆక్రమణ, త్రివిక్రముడు, సంక్రాంతి అన్నీ ఆ ధాతువు పిల్లలే. విష్ణువు అడుగుపెట్టినది విష్ణుక్రాంత. నేలను అంటిపెట్టుకుని పరుచుకునే మొక్కకు ఎంత చక్కగా అతికిన పేరో చూడండి. ‘కాంత’ వేరే ధాతువుది. విష్ణుకాంత అంటే విష్ణువుకు ప్రియురాలు, లక్ష్మి. ఆడపిల్లకు పెట్టుకోదగిన పేరే గాని మొక్కకు చెందదు.

అయితే మీ ఇంటివాళ్ల నోరు చేసిన పని వింతేమీ కాదు. రావత్తును జార్చడం తెలుగుకు పాత అలవాటు: ప్రయాణం పయనమైంది, బ్రహ్మ బొమ్మ అయ్యాడు. లేదా మధ్యలో ఒక అచ్చును చొప్పిస్తుంది: సంక్రాంతి సంకురాత్రి అయినట్టు. విష్ణుకాంత మొదటి దారిన వచ్చింది. కాకపోతే ఇక్కడ రావత్తు జారగానే మరో అర్థమున్న మాట తయారైంది కనుక, రాసేటప్పుడు రావత్తును నిలపాలని నా అభిప్రాయం.

పుస్తకంలోని ‘విష్ణుక్రాంతపత్రం’లోనూ చిన్న లోపముంది. సంస్కృతంలో ఇది ఆకారాంత స్త్రీలింగం, అంటే చివర ‘ఆ’ దీర్ఘమున్న మాట. విడిగా తెలుగులోకి వచ్చినప్పుడు రమా రమ అయినట్టు విష్ణుక్రాంత అవుతుంది, కాని సంస్కృత సమాసంలో దీర్ఘం పోకూడదు. అదే పూజలో తులసీపత్రం, బదరీపత్రం, దూర్వాయుగ్మం అంటున్నాం కదా. కనుక ‘భిన్నదంతాయ నమః విష్ణుక్రాంతాపత్రం పూజయామి’ అనాలి.

ఇక బజారు మాట. శంఖుపూల తీగ ఇచ్చినవారిని మోసగాళ్లనకండి. సంస్కృత నిఘంటువు అమరకోశంలో మొక్కల గురించిన వనౌషధివర్గంలో విష్ణుక్రాంతా, అపరాజితా, గిరికర్ణీ ఒకే మొక్కకు పర్యాయపదాలు. అపరాజిత అంటే శంఖుపూల తీగే అని సాధారణంగా చెబుతారు. తెలుగునాట మాత్రం విష్ణుక్రాంత అనగానే గుర్తుకొచ్చేది మరొకటి: పట్టులాంటి నూగున్న సన్నని కాడలు, అంగుళానికి మించని ఆకులు, చొక్కా గుండీకన్నా చిన్న నీలిపూలు. దాని శాస్త్రీయ నామం ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్.

దీన్ని తీగ అనకూడదు. ఇది గెనుసుగడ్డ, తూటికూర, కాశీరత్నం, మన సముద్రతీరపు ఇసుకదిబ్బల మీది చెవులపిల్లి తీగ ఉన్న కుటుంబంలోదే. ఆ కుటుంబానికి లాటిన్‌లో ‘చుట్టుకొను’ అనే క్రియ నుంచి కన్వాల్వులేసీ అన్న పేరు వచ్చింది. ఈ మొక్క దేన్నీ చుట్టుకోదు. అందుకే మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ దీని ప్రజాతికి (జీనస్‌కు) ‘చుట్ట విప్పు’ అనే క్రియ నుంచి ఎవాల్వులస్ అని పేరు పెట్టాడు. మనం నేలమొక్క అందాం.

తొట్టిలో నిక్షేపంగా పెరుగుతుంది. నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. చవితి అంతకు ముందే వస్తుంది కాబట్టి అప్పటికి గరపనేలల్లో (ఇసుక పాలు ఎక్కువున్న నేలల్లో) ఇది దొరకడం కష్టం. సంక్రాంతి దాటాక ఎండి గోధుమరంగుకు తిరిగిన కాయలు ఏరిపెట్టుకోండి. కాయకు నాలుగు గింజలకు మించి ఉండవు. జ్యేష్ఠంలో, అంటే చవితికి మూడు నెలల ముందు, గింజల్ని గరుకు కాగితం మీద మెల్లగా రెండుసార్లు రుద్ది, రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పెంకు గట్టిది. రుద్దకుండా వేస్తే నీరు లోపలికి పోక చాలా గింజలు అలాగే పడి ఉంటాయి.

జానెడు తొట్టిలో ఎర్రమన్ను రెండు పాళ్లు, ఇసుక రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలపండి. అడుగున చిల్లు తప్పనిసరి. ఐదారు గింజలు అర సెంటీమీటరు లోతున వేసి, మొలిచాక బలమైనవి రెండు ఉంచండి. పైమన్ను ఆరాకే నీళ్లు పోయాలి. నీరు నిలిస్తే మొదలు కుళ్లుతుంది. ఎరువు ఎక్కువైతే కాడలు సాగి పూలు తగ్గుతాయి, నీడలోనూ అంతే. పూలు పొద్దున విచ్చి మధ్యాహ్నానికి వాడిపోతాయి, దాన్ని చూసి జబ్బనుకోకండి.

చేలో మొక్కను పెరికి తెచ్చి నాటితే తల్లివేరు తెగి సాధారణంగా చచ్చిపోతుంది. నర్సరీల్లో పెద్ద నీలిపూలతో అమ్మే మొక్క దక్షిణ అమెరికా నుంచి వచ్చిన దీని దాయాది. అందమైనదే గాని పత్రిలోది కాదు. పూజకు కొసలు మాత్రం తుంచుకోండి, మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది.